గుత్తి పేరుతో తిరిగే సాలీడు

(గుత్తిలో ఒక డిగ్రీ కళాశాల జీవశాస్త్ర విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. మధ్యలో పిల్లలు అడిగిన ప్రశ్నల్ని కూడా ఉన్నచోటే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకాల నిలబడ్డ పిల్లలు ముందుకొచ్చి కూర్చోండమ్మా. నేను తెచ్చిన ఫొటోలు చిన్నవి, దూరం నుంచి కనబడవు.

నేను పుట్టి పెరిగింది గుంతకల్లులో. మా నాన్న రైల్వేలో చేసేవారు. మా మేనత్త వాళ్ల ఇల్లు ఇక్కడే, కోట కింద. సెలవులొస్తే చాలు, ప్యాసింజర్ ఎక్కి గుత్తికి వచ్చేసేవాళ్లం. చిన్నప్పుడంతా ఈ వీధుల్లో తిరిగాను కానీ, ఈ ఊరి పేరుతో ఒక సాలీడు ఉందని నాకు ఇక్కడ ఎవరూ చెప్పలేదు. అది తెలిసింది అమెరికాలో, డాలస్‌లో. 2012లో మా అబ్బాయి గొడవ పడలేక పాములు, తొండలు అమ్మే ప్రదర్శన ఒకటి ఉంటే తీసుకెళ్లాను. ఒక బల్ల మీద అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. లోపల నెమలికంఠం రంగులో మెరిసిపోతున్న సాలీడు. మూత మీద చీటీ: 'గూటీ సఫైర్'. గూటీ అంటే ఏమిటని అడిగాను. ఇండియాలో ఒక ఊరి పేరు అన్నాడు అమ్మే ఆయన. ఆ స్పెల్లింగ్ మా రైలు టికెట్ల మీద ఉండే స్పెల్లింగే. మా అత్తా వాళ్ల ఊరు అన్నాను. ఆయన పక్క బల్లల వాళ్లందరినీ పిలిచి, ఈవిడ గూటీ నుంచి వచ్చారట అని చెప్పాడు. వాళ్లు నన్ను చూసిన చూపు నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఆ రోజు కొనలేదు. నెల రోజులు చదివి, మళ్లీ వెళ్లి కొన్నాను. అప్పట్నుంచి పెంచుతున్నాను, పిల్లలు చేయిస్తున్నాను. ఇది నా ఉద్యోగం కాదు. పగలంతా సాఫ్ట్‌వేర్ పని, రాత్రి సాలీళ్ల పని. ఇవాళ మీతో మాట్లాడదామనుకున్నది ఆ రెండో పని గురించి. ఈ సాలీళ్లని సరదా కొద్దీ పెంచేవాళ్లున్నారు, బతుకుతెరువుగా పెంచేవాళ్లున్నారు. వీళ్లిద్దరి మధ్య తేడా ఏమిటి, దానివల్ల మన సాలీడుకి ఒరిగిందేమిటి, పోయిందేమిటి అన్నది.

ముందు దాని కథ కొంచెం చెప్పాలి. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే ఆంగ్లేయ జంతుశాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించి 'పెసిలోథీరియా మెటాలికా' అని పేరు పెట్టాడు. ఆయన దగ్గరికి చేరిన సాలీడు దొరికింది ఇక్కడ, గుత్తి రైల్వే కట్టెల యార్డులో. ఆ తర్వాత నూట రెండేళ్లు దాని జాడ లేదు. 2001లో మళ్లీ కనబడింది. కనబడింది గుత్తిలో కాదు, ఇక్కడికి సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య ఉన్న అడవిలో. మీలో గుంటూరు వైపు రైల్లో పోయినవాళ్లుంటారు కదా. నంద్యాల దాటాక గాజులపల్లె, బొగద సొరంగం, దిగువమెట్ట. ఆ చుట్టుపక్కల నల్లమల. ఆ అడవి కలప రైలెక్కి గుత్తి యార్డుకి వచ్చింది, కలప తొర్రలో కూర్చుని ఈ సాలీడూ వచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల అంచనా. అంటే దాని పేరులో ఉన్నది దాని సొంత ఊరు కాదు, అది దిగిన స్టేషను.

ఇది నేల మీద బొరియల్లో ఉండే సాలీడు కాదు. పెద్ద పెద్ద పాత చెట్ల తొర్రల్లో ఉంటుంది. ముసలి చెట్టు లేకపోతే దానికి ఇల్లు లేదు. దాని ఉనికి తెలిసిన ప్రాంతం 100 చదరపు కిలోమీటర్ల లోపే. అక్కడ కట్టెల కోసం, కలప కోసం చెట్లు నరుకుతున్నారు. 2008లో ఐయూసీఎన్, అంటే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం, దీన్ని 'అత్యంత ప్రమాదంలో ఉన్న జాతి' అని ప్రకటించింది. అంతకు మించి ఉన్న మెట్టు ఇంక అడవిలోంచి పూర్తిగా పోవడమే.

అదే సాలీడు అమెరికాలో, జర్మనీలో, పోలండ్‌లో, బ్రిటన్‌లో వేలకొద్దీ ఇళ్లల్లో ఉంది. ఎట్లా పోయింది? మన దేశం అడవి జీవుల్ని వ్యాపారానికి ఎగుమతి చెయ్యనివ్వదు. కాబట్టి మొదట పోయినవి దొడ్డిదారినే పోయాయి. నా ఇంట్లో ఉన్నవి డబ్బాలో పుట్టినవే, వాటి అమ్మలూ డబ్బాలో పుట్టినవే. కానీ ఇంకా వెనక్కి పోతే, ఒక తొర్రలోంచి తీసి సంచిలో వేసుకుని పోయిన సాలీడే. ఈ మాట మీకు మొదటే చెప్పకుండా మిగతా ప్రసంగం చేసే అర్హత నాకు లేదు.

సరే, పిల్లలు చేయించడం అంటే ఏమిటో చూద్దాం. ఈ ఫొటో చూడండి. ఇది మగది. ఏడాది, ఏడాదిన్నరలో ఈడుకొస్తుంది. ఆఖరిసారి కుబుసం విడిచాక ముందుండే రెండు పొట్టి చేతుల కొసలు ఇట్లా గుండ్రంగా ఉబ్బుతాయి. అది చిన్న వల అల్లి, దాని మీద వీర్యపు చుక్క వదిలి, ఈ కొసలతో సిరంజిలోకి మందు లాగినట్టు లాక్కుంటుంది. అప్పట్నుంచి తిండి మీద ధ్యాస ఉండదు, రాత్రంతా తిరుగుతూనే ఉంటుంది. దానికి మిగిలింది కొన్ని నెలలే. ఆడది అట్లా కాదు, ఈడుకు రావడానికే రెండు మూడేళ్లు పట్టినా పదేళ్ల పైన బతుకుతుంది.

జత కట్టించే రోజు ఆడదానికి ముందే కడుపునిండా పెట్టాలి. దాని గూడు ఉన్న బెరడు గొట్టం దగ్గర మగదాన్ని వదలాలి. మగది ఆడదాని పట్టు దారం తొక్కగానే ఆగిపోయి, వణుకుతున్నట్టు ఒళ్లు ఊపి, చేతులతో బెరడు మీద దరువేస్తుంది. లైటు ఆపి చెవి పెడితే వినబడుతుంది, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు. లోపల్నుంచి ఆడది తిరిగి దరువేస్తే ఒప్పుకున్నట్టు. నేను మొదటిసారి ఆ జవాబు దరువు విన్న రాత్రి మా ఆయన్ని నిద్ర లేపి వినిపించాను. ఈ జాతిలో ఆడది మగదాన్ని తినెయ్యడం మిగతా జాతులంత ఎక్కువ కాదు. వారాల తరబడి ఒకే డబ్బాలో కలిసి ఉన్నవి నా దగ్గర ఉన్నాయి.

ఆ తర్వాత ఎదురుచూపు. ఈలోగా ఆడది కుబుసం విడిచిందంటే పడ్డ శ్రమంతా వృథా. వీర్యం దాచుకున్న సంచి లోపలి పొర కూడా కుబుసంతోపాటే ఊడొచ్చేస్తుంది. విడవకపోతే, కొన్ని నెలలకి ఒక రోజు గొట్టం మూతి పట్టుతో మూసేసుకుంటుంది. లోపల గుడ్ల సంచి. దాన్ని కాళ్ల మధ్య పొదువుకుని కూర్చుంటుంది. తేమ తగ్గినా, ఎవరైనా పదేపదే కదిలించినా, తన సంచి తనే తినేస్తుంది. నా మొదటి సంచి అట్లాగే పోయింది. ఇంటికి చుట్టాలొస్తే చూపిద్దామని ఒకే రోజు నాలుగుసార్లు డబ్బా మూత తీశాను. తెల్లారేసరికి సంచి లేదు.

రెండోసారి ముప్పయ్యో రోజున సంచి తీసుకున్నాను. కాఫీ వడకట్టే కాగితాన్ని ఉయ్యాలలా కట్టి, కింద తడి దూది పెట్టి, గుడ్లు అందులో పోశాను. సగ్గుబియ్యం ఉడికాక ఎట్లా ఉంటుందో అట్లా ఉంటాయి. నల్లబడ్డవాటిని బ్రష్షు కొసతో ఏరెయ్యాలి, లేకపోతే బూజు పక్కవాటికి పాకుతుంది. రోజుకి మూడు నాలుగుసార్లు మెల్లగా దొర్లించాలి, తల్లి చేసే పని మనం చెయ్యాలి. ఒక ఉదయం చూస్తే గుడ్లకి కాళ్లొచ్చాయి. అదే గుడ్డు, పక్కన ముడుచుకున్న తెల్లటి కాళ్లు. ఇంకో రెండు కుబుసాలు విడిచాక నల్లబడి, పరిగెత్తే పిల్లలవుతాయి. లెక్కపెడితే తొంభై నాలుగు. ఒక్కోదానికి ఒక్కో డబ్బా, తడి దూది, రెక్కల్లేని పండ్ల ఈగ. తొంభై నాలుగు డబ్బాల మూతలు తీసి, ఈగ వేసి, మూత పెట్టేసరికి రాత్రి ఒంటిగంట. మూడు రోజులకి మళ్లీ అదే పని.

ఇక్కడ నుంచే సరదా మనిషికీ వృత్తి మనిషికీ దారులు వేరవుతాయి. ఎందుకంటే తొంభై నాలుగింటిని నేను ఇంట్లో ఉంచుకోలేను. ఎవరికో ఇవ్వాలి.

వృత్తిగా చేసేవాళ్ల పని ఎట్లా ఉంటుందో చూద్దామని ఒకసారి ఒకాయన దగ్గరికి వెళ్లాను. పేరు చెప్పను, అనవసరం. పెద్ద గోడౌను, ఇనప అరలు, అరల నిండా వేల చిన్న సీసాలు. ఏసీ ఒక్క డిగ్రీ అటూ ఇటూ కాదు. కీచురాళ్లని, బొద్దింకల్ని పక్క గదిలో వాళ్లే పెంచుకుంటారు. ఇద్దరు మనుషులు పొద్దున మొదలుపెడితే మేత వెయ్యడం సాయంత్రానికి పూర్తవుతుంది. నన్ను ఆకట్టుకున్నది ఆ అరలు కాదు. ప్రతి సీసా మీదా ఒక నంబరు ఉంది. ఆ నంబరు పట్టుకుని పుస్తకంలో చూస్తే, ఏ సంచి, తల్లి ఎవరు, తండ్రి ఎవరు, ఆ తండ్రిని ఎవరి దగ్గర కొన్నారు, పిల్ల ఏ తారీఖున ఎవరికి పోయింది, అన్నీ ఉన్నాయి. ఆయన అది పరిశోధన కోసం చెయ్యలేదు. కొన్నవాళ్లు ఫిర్యాదు చేస్తే జవాబు చెప్పుకోవడానికి, అధికారులొస్తే చూపించుకోవడానికి చేశాడు. ఎందుకు చేసినా, లెక్క ఉంది.

నా దగ్గర లేదు. ఆ లేకపోవడం వల్ల ఏం జరిగిందో చెబుతాను. ఇవాళ నేను చెప్పే వాటిల్లో మీరు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అనుకుంటాను.

మెక్సికోలో మోకాళ్ల దగ్గర ఎర్రగా, నారింజ రంగులో ఉండే సాలీడు ఒకటుంది. సినిమాల్లో, టీవీల్లో సాలీడు అంటే ఎక్కువగా చూపించేది దాన్నే. అడవిలోంచి అంత విపరీతంగా పట్టుకుపోయారు కాబట్టే 1985లోనే దాన్ని సైటిస్, అంటే అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం, జాబితాలో చేర్చారు. 'బ్రాకీపెల్మా స్మితీ' అని పేరు. 2016లో నా దగ్గరున్న ఆడదానికి, ఒకాయన దగ్గర తీసుకున్న మగదాన్ని జత కట్టించాను. రెండింటి చీటీల మీదా 'స్మితీ' అనే ఉంది. ఆ జాతిలో ఒక్కో సంచిలో వందల్లో పిల్లలు. నాకు నాలుగు వందల ముప్పయి దాకా వచ్చాయి. ఎవరడిగితే వాళ్లకి ఇచ్చాను. పది ఒకరికి, యాభై ఇంకొకరికి, ప్రదర్శనల్లో పిల్లలకి ఊరికే కూడా ఇచ్చాను. ఎవరికి ఇచ్చానో రాసుకోలేదు. సంతోషంగా పంచుకోవడమే అనుకున్నాను.

2017లో మెక్సికో శాస్త్రవేత్తలు మెండోసా, ఫ్రాంకె అనే ఇద్దరు ఆ ఎర్రమోకాళ్ల సాలీళ్లని మళ్లీ పరిశీలించి వ్యాసం రాశారు. వ్యాపారంలో ఏళ్ల తరబడి 'స్మితీ' పేరుతో తిరుగుతున్న సాలీళ్లలో చాలా భాగం అసలు స్మితీ కాదు, 'హామోరై' అనే వేరే జాతి అని తేలింది. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి. నేను నా ఆడదాని పాత కుబుసం నీళ్లలో నానబెట్టి, మైక్రోస్కోపు కింద చూపించాను. హామోరై. మరి మగది? జత కట్టిన రెండు నెలలకి చనిపోయింది. చెత్తబుట్టలో వేశాను. ఆల్కహాల్‌లో దాచలేదు, కుబుసం ఉంచలేదు. ఇచ్చినాయన దగ్గరా దాని అమ్మానాన్నల సంగతి లేదు. అది హామోరై అయి ఉండొచ్చు, స్మితీ అయి ఉండొచ్చు. స్మితీ అయితే ఆ నాలుగు వందల ముప్పయీ రెండు జాతులు కలిసిపోయిన పిల్లలు.

అప్పుడు తీసుకున్నవాళ్లకి చెబుదామని కూర్చున్నాను. పాత మెసేజ్‌లన్నీ వెతికాను. నాలుగు వందల ముప్పయిలో యాభై ఏడు ఎక్కడున్నాయో తేల్చగలిగాను. మిగతావి నాకు అందలేదు. ఆ జాతి మెల్లగా పెరుగుతుంది, ఆడది పాతికేళ్ల పైన బతుకుతుంది. అంటే అవి ఇప్పుడు ఈడుకొచ్చి ఉంటాయి. ఎవరో వాటికి జత వెతుకుతూ ఉంటారు, స్వచ్ఛమైన రక్తం అని నమ్మి. నేను ఇప్పటికీ ఆ సంగతి గుర్తొస్తే రాత్రిళ్లు లేచి కూర్చుంటాను.

వృత్తి ఆయన దగ్గర ఇట్లాంటిది జరిగితే పుస్తకం తీసి, అందరికీ ఒక్క రోజులో ఉత్తరం పంపేవాడు. కాబట్టి ఒకరు డబ్బు కోసం చేస్తారు, ఒకరు ప్రేమ కోసం చేస్తారు, ప్రేమ కోసం చేసేవాళ్లే మంచివాళ్లు అన్న మాట నేనిప్పుడు ఒప్పుకోను. నా ప్రేమలో లోటేం లేదు. లేనిది రిజిస్టరు.

(ఒక విద్యార్థిని: అయితే మేడమ్, వ్యాపారంగా చేసేవాళ్లే నయం అంటారా?)

మంచి ప్రశ్న అడిగావమ్మా. అట్లా కూడా అనలేను. రెండో వైపు కూడా చూడాలి.

చిలీ దేశంలో గులాబీ రంగు జీర ఉన్న సాలీడు ఉంది, 'చిలీ రోజ్' అంటారు. ఒకప్పుడు అమెరికాలో ప్రతి పెంపుడు జంతువుల దుకాణంలోనూ ఉండేది, పది పదిహేను డాలర్లకే. ఎందుకంత చవక? దాన్ని ఎవరూ పెంచలేదు. అడవిలోంచి వేలకి వేలు పట్టుకొచ్చారు. గోడౌను ఆయన్ని అడిగాను, దాన్ని మీరెందుకు పిల్లలు చేయించలేదని. అది ఈడుకి రావడానికి ఏళ్లూ పూళ్లూ పడుతుంది, అన్నేళ్లు అద్దె, కరెంటు, మేత ఎవరిస్తారు అన్నాడు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. కానీ ఫలితం చూడండి: వేగంగా పెరిగేది, రంగున్నది, ఖరీదు పలికేది మాత్రమే ఆయన అరల మీద ఉంటుంది. మెల్లగా పెరిగే గోధుమ రంగు సాలీడుని ఏడేళ్లు ఓపిగ్గా సాకింది సరదా మనుషులే. ఒక రిటైరైన టీచరమ్మ, ఒక బస్సు డ్రైవరు, అట్లాంటివాళ్లు.

ధర సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు, పత్తికొండ టమోటా మార్కెట్ చూసిన పిల్లలు మీరు. మన గుత్తి సాలీడు మొదట్లో వందల డాలర్లు పలికింది. అందరూ దాన్నే పిల్లలు చేయించారు. ఇప్పుడు చిన్న పిల్ల అయితే ముప్పయి నలభై డాలర్లకి దొరుకుతుంది. ధర పడగానే కొందరు వ్యాపారులు దాన్ని వదిలేసి ఇంకో కొత్త రంగు వెంట పడ్డారు. సరదా మనుషులు వదల్లేదు. ధర పడిపోవడం వల్ల అసలైన మేలు ఒకటి జరిగింది. ముప్పయి డాలర్ల సాలీడు కోసం నల్లమల దాకా వచ్చి, చెట్టెక్కి, దొంగతనంగా విమానంలో తీసుకుపోయే అవసరం ఎవరికి ఉంటుంది? ఈ ఒక్క విషయంలో సరదా మనుషులూ వృత్తి మనుషులూ కలిసి అడవికి సాయం చేశారని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే కొత్త రంగు వెంట పడేవాళ్ల సంగతి వేరు. 2010లో లాస్ ఏంజెలిస్‌లో తపాలా పార్సిళ్లు విప్పితే వందల కొద్దీ బతికున్న సాలీళ్లు బయటపడ్డాయి. కొన్నింటిని రంగురంగుల ప్లాస్టిక్ స్ట్రాలలో దూర్చి పంపారు, మనం కొబ్బరినీళ్లు తాగే స్ట్రాలే. ఒక జర్మన్ దేశస్థుణ్ణి ఆ కేసులో పట్టుకున్నారు. 2019లో బోర్నియో అడవుల నీలి సాలీడుకి శాస్త్రీయంగా పేరు పెట్టినప్పుడు, ఆ నమూనాలు అనుమతి లేకుండా సరావాక్ నుంచి వచ్చాయని అక్కడి అధికారులు అభ్యంతరం చెప్పారు. పేరు పెట్టేలోపే అవి పెంపకందారుల చేతుల్లో ఉన్నాయి. అదే 2019లో జెనీవాలో జరిగిన సైటిస్ సమావేశంలో మన పెసిలోథీరియా జాతులన్నింటినీ రెండో అనుబంధంలో చేర్చారు. ఈ జాతులు ప్రపంచం మొత్తమ్మీద ఇండియాలో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. ఇప్పుడు దేశం దాటాలంటే డబ్బాలో పుట్టినదానికైనా సరే పర్మిట్ ఉండాలి.

అందుకే ఇవాళ మీకోసం ఒక కుబుసం కూడా తేలేకపోయాను. తేవాలని చాలా అనుకున్నాను. చచ్చిన తోలే కదా అంటారు. చట్టం దృష్టిలో అది ఆ జీవిలో భాగమే, కాగితం లేకుండా సరిహద్దు దాటకూడదు. ఫొటోలతో సరిపెట్టుకోండి.

సరదా మనుషుల్లో ఒక పద్ధతి ఉంది, అది నాకు బాగా నచ్చుతుంది. నా దగ్గర ఆడది ఉంటుంది, ఇంకో ఊళ్లో ఎవరి దగ్గరో ఈడొచ్చిన మగది ఉంటుంది. ఆయన మగదాన్ని నాకు కొరియర్‌లో పంపిస్తాడు. పిల్లలు పుడితే సగం ఆయనకి, సగం నాకు. దాన్ని వాళ్లు బ్రీడింగ్ లోన్ అంటారు. మా తాతగారు గొర్రెల్ని పాలుకివ్వడం చూశాను కాబట్టి నాకు అది వెంటనే అర్థమైంది. కాగితం ఉండదు, మాటే. పదమూడేళ్లలో మాట తప్పినవాళ్లు ఇద్దరే. ఈ పద్ధతి వల్ల ఒకే సంచిలో పుట్టిన అన్నాచెల్లెళ్లని జత కట్టించాల్సిన అవసరం తగ్గుతుంది. వ్యాపారంలో ఇది తక్కువ. అరల మీద ఏవి ఉంటే వాటికే జత కట్టించేస్తారు, ఒక్కోసారి ఒకే సంచి పిల్లల్ని. విదేశాల్లో ఉన్న గుత్తి సాలీళ్లన్నీ మొదట పోయిన కొద్ది సాలీళ్ల సంతానమే కాబట్టి అసలే రక్తం దగ్గర. ఇంకా దగ్గర చేసుకోవడం మంచిది కాదు.

మెక్సికో వాళ్లు మూడో దారి ఒకటి పట్టారు. సాలీడు ఉన్న దేశంలోనే, ప్రభుత్వ అనుమతితో, యూఎంఏ అనే పేరుతో పెంపక కేంద్రాలు పెట్టుకోనిస్తారు. అక్కడి మనుషులే పెంచి, లెక్క చూపించి, పర్మిట్‌తో అమ్ముతారు. ఎర్రమోకాళ్ల సాలీడు సొమ్ములో కొంతైనా మెక్సికోకి పోతుంది. మన నీలి సాలీడు మీద ఇన్నేళ్లలో ఎంత వ్యాపారం జరిగినా గుత్తికి గానీ, దిగువమెట్టకి గానీ, ఆ అడవిలో ఉండే చెంచు కుటుంబాలకి గానీ ఒక్క రూపాయి రాలేదు. ఇది నన్ను బాధ పెడుతుంది. నేను కూడా ఆ వ్యాపారంలో ఒక కొసన ఉన్నదాన్నే.

(ఒక విద్యార్థి: మేడమ్, మేం ఇక్కడ పెంచుకోవచ్చా?)

అడవిలోంచి పట్టుకుని అయితే, వద్దు నాయనా. రిజర్వు ఫారెస్టులోంచి అనుమతి లేకుండా పుల్ల తెచ్చినా నేరమే, సాలీడు సంగతి చెప్పాలా? వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించారు, సైటిస్ జాబితాలో ఉన్న జీవుల్ని దగ్గర ఉంచుకుంటే నమోదు చేయించుకోవాలని నిబంధన వచ్చింది. ఏదైనా చెయ్యాలనిపిస్తే ముందు మీ సార్‌తో కలిసి అటవీ శాఖ ఆఫీసుకి వెళ్లండి. ఇంకో మాట, ఈ జాతి కరిస్తే మనుషులు చచ్చినట్టు దాఖలాలు లేవు కానీ, కండరాలు పట్టేసి రోజుల తరబడి నరకం కనబడుతుంది. పైగా మెరుపులా పరిగెడుతుంది. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా దాన్ని చేత్తో పట్టుకోలేదు. చేతి మీద ఎక్కించుకుని వీడియోలు తీసేవాళ్లని చూసి మీరు మోసపోవద్దు.

(మరో విద్యార్థిని: మీ దగ్గర పుట్టిన పిల్లల్ని తెచ్చి నల్లమలలో వదిలేస్తే ఇక్కడ సంఖ్య పెరుగుతుంది కదా మేడమ్?)

ఈ ప్రశ్న నేను నన్ను ఎన్నోసార్లు అడుక్కున్నాను తల్లీ. మొదటిసారి తొంభై నాలుగు పిల్లలు పుట్టిన రాత్రి నాకు వచ్చిన మొదటి ఆలోచన అదే. వీటిని ఇంటికి తీసుకుపోవాలి అని.

కుదరదు. వాటి ముత్తాతలు ఏ చెట్టు మీద నుంచి పోయాయో ఎవరూ రాసుకోలేదు. మధ్యలో ఎవరెవరు ఏ పోలికున్న జాతితో కలిపారో, నా మెక్సికో సాలీళ్ల లాగా, ఎవరికీ తెలీదు. ఇరవై ఏళ్లుగా డబ్బాల్లో కీచురాళ్లు తిని పెరిగిన సంతతి, అమెరికా పురుగుల్ని, బూజుల్ని, వాటి రోగాల్ని ఒంటి మీద మోసుకొస్తుంది. అవన్నీ లేవనుకున్నా, వదలడానికి తొర్ర ఉండాలి. తొర్ర ఉండాలంటే చెట్టు ముసలిదవ్వాలి. అడవిలో సాలీళ్లు తగ్గింది పిల్లలు పుట్టక కాదు, ఇళ్లు లేక. నా పిల్లల్ని తెచ్చి వదిలితే ఉన్న నాలుగు తొర్రల కోసం అక్కడివాటితో కొట్టుకుంటాయి.

మొదట పట్టుకుపోయినవాళ్లు ఆ రోజు ఒక పుస్తకంలో నాలుగు ముక్కలు రాసి ఉంటే, ఏ చెట్టు, ఏ వాగు పక్కన, ఎన్ని ఆడవి, ఎన్ని మగవి అని, ఇవాళ నీ ప్రశ్నకి నా జవాబు వేరేగా ఉండేదేమో. దొంగతనంగా పట్టుకుపోయేవాడు రాయడు. అందుకే విదేశాల్లో ఎన్ని వేలున్నా అవి అడవికి పనికిరాకుండా పోయాయి.

నా రిజిస్టరు మాత్రం తెచ్చాను, చూడండి. మామూలు లాంగ్ నోట్‌బుక్కే. 2017 చివర్లో మొదలుపెట్టాను. ఒక్కో సంచికి ఒక పేజీ. తల్లి నంబరు, తండ్రి నంబరు, జత కట్టిన తారీఖు, సంచి తీసిన తారీఖు, గుడ్లెన్ని, బతికినవెన్ని, ఎవరెవరికి పోయాయి. చనిపోయిన ప్రతి మగదాన్నీ ఇప్పుడు చిన్న సీసాలో ఆల్కహాల్ పోసి దాస్తున్నాను, సీసా నంబరు ఇక్కడ. నా దగ్గర పిల్ల తీసుకునేవాళ్లు, దాన్ని ఇంకొకరికి ఇస్తే నాకు చెప్పాలని ముందే మాట తీసుకుంటాను. కొందరు విసుక్కుంటారు. వాళ్లకి ఇవ్వను.

ఈ చివరి గడి చూడండి. 'మూలం' అని రాసుకున్నాను. మెక్సికో సాలీళ్ల దగ్గర ఇప్పుడు రాష్ట్రం పేరు రాయగలుగుతున్నాను, పర్మిట్‌తో వచ్చినవి కాబట్టి. నీలి సాలీళ్ల పేజీలన్నింట్లోనూ ఆ గడి ఖాళీ. చీటీల మీద చూసి అందరూ అక్కడ గూటీ అని రాస్తారు. నేను మొదటి పేజీలో రాసి, కొట్టేశాను. ఇక్కడ ఆ కొట్టివేత కనబడుతుంది చూడండి. నా చిన్నప్పటి ఊరే, రాయాలని ఎంతో ఉంటుంది. కానీ వాటిలో ఒక్కటీ గుత్తిది కాదు.

పుస్తకం ఇటు నుంచి తిప్పండమ్మా, ఆ వెనక బెంచీ దాకా. ఫొటోలు అటు నుంచి వస్తున్నాయి. మూడో ఫొటోలో నీలం రంగు బాగా కనబడుతుంది. అది రంగు పదార్థం వల్ల వచ్చిన నీలం కాదు, వెంట్రుకల లోపలి అతి సన్నని నిర్మాణం మీద వెలుతురు పడి వచ్చే నీలం. కిటికీ దగ్గరున్నవాళ్లు ఆ ఫొటో కాస్త జాగ్రత్తగా చూసి, పక్కవాళ్లకివ్వండి.